జిజ్ఞాసువులకు సయాము–ఓఢ్ర తులనం

1968 జూలై 8, సోమవారం

నిన్న విజయనగరం భాషావినోద సభలో నా నోరు నన్ను అడక్కుండా ఒక మాట అనేసింది. ఇక్కడ రాసుకుంటే తప్ప ఊరట కలిగేలా లేదు.

సభకి కార్యదర్శి నరసింగరావు. తాను ఫ్రెంచి నేర్చుకుంటున్న వైనం ముప్పావుగంట సేపు చెప్పాడు. మధ్యమధ్య ముక్కుతో ఏదో పలికితే జనం ఆహా అన్నారు. భాషాప్రవీణ పాసై, ఇరవై రెండేళ్ళుగా శ్రీకాకుళం హైస్కూల్లో తెలుగు చెబుతున్న నేను ముందు వరసలోనే ఉన్నాను. నన్ను పలకరించినవాడు లేడు. చివరికి వాడే నవ్వుతూ, "ఏం జగన్నాధంగారూ, మీరింకా ఛందస్సు దగ్గరే ఉన్నారా?" అన్నాడు.

అప్పుడు అన్నాను. "సయాము భాషనూ ఓఢ్ర భాషనూ పోల్చి, జిజ్ఞాసువుల కోసం ఒక గ్రంథం రాస్తున్నాను. సగం అయింది" అని.

సయాము ఎందుకన్నానంటే, ఈ చుట్టుపక్కల జిల్లాల్లో ఆ భాష వచ్చినవాడు ఉండడు. ఓఢ్రం, అంటే ఒరియా, ఎందుకన్నానంటే, నా భార్య లక్ష్మణమ్మది పర్లాకిమిడి. ఇంట్లో ఉన్న సరుకే. డిసెంబరులో శాలువా కప్పి, 'భాషాసేతు' అని బిరుదిచ్చి, గ్రంథం అచ్చు వేయిస్తామని అప్పటికప్పుడు తీర్మానించారు. నరసింగరావు చేత్తోనే ఆ తీర్మానం రాయించడం నాకు బాగా నచ్చింది.

సగం అయిందనడం అబద్ధం కాదు. ఊహలో అయింది.

జూలై 9

స్కూలు లైబ్రరీలో సయాము గురించి ఉన్నది ఒక ప్రపంచ పటం. చెదలు సరిగ్గా ఆ దేశాన్నే తిన్నాయి.

జూలై 13

ఓఢ్రం వైపు ఢోకా లేదు. పప్పు రుబ్బుతూనే లక్ష్మణమ్మ 'పోవుట' అనే క్రియని మూడు కాలాల్లో చెప్పింది. జాఉఛి, గలి, జిబి. పోతున్నాను, పోయాను, పోతాను.

"పెళ్ళయి ఇరవయ్యేళ్ళయింది. మా అమ్మతో ఒక్కనాడు ఒరియాలో 'బాగున్నారా' అన్న పాపాన పోలేదు. ఇప్పుడేటి కొత్తగా?" అంది.

శాస్త్రదృష్టి వేరు, అత్తగారిని పలకరించడం వేరు అన్నాను. రుబ్బురోలు జోరు పెరిగింది.

జూలై 20, శనివారం

దేవుడున్నాడు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని మా వీధిలోనే తిరుగుతున్నాడు.

కళింగపట్నం కూర్మమ్మ వారం వారం మా ఇంటికి చేపలు తెస్తుంది. నౌపడ నుంచి చిన్న రైలెక్కి పర్లాకిమిడి దాకా వెళ్ళి అమ్ముకొస్తుంది కాబట్టి ఒరియా దంచేస్తుంది. లక్ష్మణమ్మా ఆమే ఆ భాషలోనే బేరమాడుకుంటారు. ఇవాళ అరుగు మీద పేపరు చదువుతున్నాను. కూర్మమ్మ చేపలు లెక్కపెడుతోంది. "నుంగ్, సోంగ్, సాం, సీ, హా, హోక్..."

"అదేం భాష?" అన్నాను.

"సయాం లెక్క మేస్టారూ. బజార్ల నాను ఎన్నేసినానో పక్కదానికి తెలకుండ ఉంతాది."

పేపరు చేతిలోంచి జారిపోయింది.

జూలై 27

కూర్మమ్మని అరుగు మీద కూర్చోబెట్టి కథ రాబట్టాను. ఆమె మాటల్లోనే దింపుకుంటున్నాను, పీఠికలో ఎక్కడైనా పనికొస్తుంది.

"పెల్లయిన ఏడాదే బర్మా రంగం ఎల్లిపోనాం. నాను, నా ఇంటాయన సూరయ్య, మా తమ్ముడు దాలయ్య. యుద్దం వొచ్చీసింది. జపానోల్లు మొగోల్లందర్నీ సయాంకి రైలుదారి ఎయ్యడానికి తోలుకుపోనారు. వంటకని నానూ ఎనకాల ఎల్లినాను. అడవిల ఇంటాయన వాంతులెత్తి సచ్చిపోనాడు. నాను, తమ్ముడు కాంబురి ఊరు సేరినాం. ఫీ నోయ్ అని అక్కడి సేపలామె. ఫీ అంతే మన అప్ప. ఆ యప్పే మమ్మల్ని ఇంట్ల ఎట్టుకున్నాది. మూడేల్లు ఆ యప్పతో సేపలమ్మినాను. పడవ దొరికినప్పుడు తమ్ముడికి జొరం. పడవ మల్లీ ఎప్పుడొస్తాదో తెల్దు. 'నువ్వెల్లు అప్పా, ఎనకాల పడవకి నానొచ్చెస్తాను' అన్నాడు. ఆడిని అక్కడే ఒగ్గీసి వొచ్చీసినాను."

ఇరవై రెండేళ్ళు. కబురు లేదు.

రేకు డబ్బా తెరిచింది. అందులో ఒక కాగితం. ఫీ నోయ్ ఇంటి పక్కనున్న బౌద్ధ భిక్షువు సయాము అక్షరాల్లో రాసిచ్చిన చిరునామా. దానితో పాటు ఫీ నోయ్ ఇచ్చిన నొప్పుల నూనె సీసా, ఖాళీది. దాని మందు కాగితం కూడా మడతపెట్టి దాచుకుంది.

"మీకేటి మాటలు కావాలో అన్నీ సెప్తాను. నాకు సయాంల ఒక్క ఉత్తరం రాసీండి మేస్టారూ. దాలయ్య ఉన్నాడా లేడా, అంతే. నాకు మాట వొస్తాది గాని రాత రాదు."

అలాగే అన్నాను. ఇంకేమంటాను?

ఆగస్టు 3

విజృంభించాను. ఇవాళ తేలిన సిద్ధాంతం: సంస్కృతంలోంచి ఒకే మాట రెండు దేశాలకీ వెళ్ళింది. ఓఢ్రులు దాని తోక సాగదీశారు, సయాము వాళ్ళు కోసేశారు. నగరం ఓఢ్రంలో నగరొ, సయాములో నఖోన్. మనిషి ఓఢ్రంలో మణిసొ, సయాములో మనుత్. 'ఆచార్య'లో తోక కోసి ఆచాన్ అంటారట, పంతులుగారని అర్థం. కూర్మమ్మ ఇక నన్ను ఆచాన్ అని పిలవొచ్చని సూచించాను. మేస్టారూ అనే అంటోంది.

క్రియల విషయంలో సయాము వాళ్ళు సుఖపడ్డారు. నిన్న పోయినా 'పై', రేపు పోయినా 'పై'. ఓఢ్రంలో లాగా జాఉఛి, గలి, జిబి అని బట్టీ పట్టనక్కర్లేదు. లిపి మాత్రం చిక్కు. ఒరియా అక్షరం ప్రతిదీ గొడుగు వేసుకుంటుంది. సయాము అక్షరం మొదట్లో చిన్న సున్నా చుట్టి నడుస్తుంది. పైగా మాటకీ మాటకీ మధ్య ఎడం విడవరు, ఎక్కడ తెంపాలో తెలీదు.

ఆగస్టు 10

సయాము భాషలో అయిదు రాగాలున్నాయట. ఒకే 'మా' ఒక రాగంలో 'రా', ఒక రాగంలో గుర్రం, ఇంకో రాగంలో కుక్క. కూర్మమ్మ గంట సేపు పాడించింది.

"ఇప్పుడు మీరు నన్ను రమ్మన్నారో, కుక్కన్నారో నాకు తెల్లేదు మేస్టారూ."

రాగాలు సంగీతం వాళ్ళకి. నాది గ్రంథం. రాగాల అధ్యాయం తీసేశాను.

తాంబూలం పళ్ళెం తీస్తుంటే ఆమె మోచెయ్యి తగిలి నా సిరాబుడ్డి ఒలికింది. "ఖోథోట్" అంది. అంటే క్షమించమని. 'ఖో' అంటే అడగడం, 'థోట్' మన దోషమే, తోక కోసినది! దోషం నాది, అడుక్కుంటున్నాను అన్నమాట. లక్ష్మణమ్మని అడిగితే ఓఢ్రంలో 'మోరొ దోసొ హెలా' అంటారంది. ఎంత చక్కటి పోలిక! ఖోథోట్, ఖోథోట్ అని నేనూ అని చూశాను.

"అలగ కాదు. ఖో కిందనుండి పైకి లెగాల. థోట్ పైనుండి కింద పడాల. మీది ఎక్కడిదక్కడే ఉన్నాది."

వ్యుత్పత్తి ముఖ్యం, ఉచ్చారణ కాదు.

ఆగస్టు 17

ఇవాళ చాలా సేపు వృథా. నేను వ్యాకరణం అడిగితే ఆమె అన్నం గురించి చెబుతుంది. సయాంలో ఎదురుపడిన వాళ్ళని మొదట అడిగే మాట "కిన్ ఖావ్ రూ యాంగ్?" అన్నం తిన్నావా అని. వెంటనే వంటింట్లోంచి లక్ష్మణమ్మ, "మా పర్లాకిమిడిలోనూ అంతే, భాతొ ఖాయిలొణి?" అంది. "మా పేటల మాత్రం? బువ్వ తిన్నావేటి అనే కదా!" అని కూర్మమ్మ. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. అక్కడి సాములు, అంటే భిక్షువులు, పొద్దు నడినెత్తికెక్కాక మెతుకు ముట్టరట, ఆడవాళ్ళ చేతినుంచి ఏదీ అందుకోరట, గుడ్డ పరిస్తే దాని మీద పెట్టాలట. ఇలాంటివన్నీ చెప్పుకుపోయింది.

అది భాష కాదు. రాసుకోలేదు.

వెళ్తూ వెళ్తూ, "ఉత్తరం మేస్టారూ?" అంది.

ఆగస్టు 24

మళ్ళీ అడిగింది.

ఆగస్టు 25, ఆదివారం

ఉత్తరం అయింది.

కూర్మమ్మ నిన్న ఎదురుగా కూర్చుని చెప్పింది, నేను తలూపుతూ కాగితం మీద కలం ఆడించాను. దాలయ్య పేరు రెండుసార్లు చెప్పింది. ఆ తర్వాత లిపి చూసి రాసుకోవాలని చెప్పి రేకు డబ్బా ఉంచుకున్నాను. ఇవాళ పొద్దుట తలుపు వేసుకుని, నూనె సీసా మందు కాగితం పక్కన పెట్టుకుని, మొదటి గీత నుంచి చివరి గీత దాకా ముత్యాల్లా దింపాను. మూడు పుటలు వచ్చింది. చిరునామా కూడా బొమ్మ గీసినట్టు గీశాను. పంపేవారి పేరు ఇంగ్లీషులో ఆమెదే వేశాను, నా కేరాఫుతో.

ఇందులో అబద్ధం ఎక్కడుంది? అక్షరాలు నిజమైన సయాము అక్షరాలు. చెయ్యి నాది. మందు కాగితం కాబట్టి ఆరోగ్యం గురించే ఉంటుంది. ఉత్తరాల్లో మాత్రం ఏముంటుంది, క్షేమసమాచారాలే కదా.

ఆగస్టు 31

"రాసింది ఒక్కసారి సదవండి, ఇంతాను" అంది. పరదేశం పోయే ఉత్తరం పోస్టులో వేశాక పైకి చదివితే చేరదని చెప్పాను. నమ్మింది. చదువుకున్నవాడి మాట మీద ఈ దేశంలో ఇంకా ఎంత గౌరవముందో!

సెప్టెంబరు 15

పీఠిక పూర్తయింది. పుట్టించిన తల్లిదండ్రులకీ, చదువు చెప్పిన గురువులకీ, తీర్మానించిన సభకీ వందనాలు చెప్పాను. లక్ష్మణమ్మ చదివి, "ఇందులో ఒరియా చెప్పిన మనిషీ లేదు, సయాం చెప్పిన మనిషీ లేదు. ఈ రెండూ మీకు కల్లో వచ్చాయేటి?" అంది.

గ్రంథాల్లో అవన్నీ రాయరు.

అక్టోబరు 19, శనివారం

జవాబు వచ్చింది.

పోస్టుమాను స్కూల్లో అందరి ముందూ ఇచ్చాడు. తపాలా బిళ్ళ మీద రాజుగారి బొమ్మ. లోపల రెండు పుటలు, నీలం సిరా, గుండ్రటి రాత. హెడ్మాస్టరు దాన్ని తిప్పి తిప్పి చూసి, "మీకు అంతర్జాతీయ సంబంధాలున్నాయని మాకు తెలీదండీ" అన్నారు. నవ్వి ఊరుకున్నాను.

జవాబు వచ్చిందంటే నా ఉత్తరం వాళ్ళకి అర్థమైనట్టే. అర్థమైందంటే నాకు సయాము వచ్చినట్టే. ఇందులో తర్కదోషం కనిపించడం లేదు.

అక్టోబరు 20

చదవలేను.

అక్టోబరు 22

పైనుంచి కిందకీ, కిందనుంచి పైకీ చూశాను. తోక ఎక్కడ తెంపాలో తెలియలేదు.

అక్టోబరు 26

కూర్మమ్మ వచ్చింది. గంప దించకుండానే అడిగింది. పోస్టుమాను చెప్పేశాడట.

ఏం చెయ్యను? రాలేదనలేను, చదవలేననలేను.  ఆమె మొహం చూడలేకపోయాను. ఆ మొహానికి మంచిమాట చెప్పాలనిపించింది, అంతే.

"దాలయ్య కులాసాగా ఉన్నాడు. అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. ముగ్గురు పిల్లలు" అన్నాను.

కూర్మమ్మ గంపతో సహా కూలబడింది. "ముగ్గురా? పేర్లేటి?"

పెద్దవాడి పేరు సూరయ్య, బావ పేరు పెట్టుకున్నాడన్నాను. ఆడపిల్ల కూర్మి. చిన్నవాడి పేరు రాయలేదన్నాను, అన్నీ చెబితే నమ్మకం పోతుంది. ఆమె ఏడుస్తూ, నవ్వుతూ వీధంతా బెల్లం పంచింది. లక్ష్మణమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది. అంత సంతోషం పుట్టించిన మాట అబద్ధమంటే ఎలా? కవులు చేసేదీ అదే.

ఉత్తరం తన దగ్గర ఉంచుకుంటానంది. ఎలాగూ ఆమెకి చదవడం రాదు కదా అని ఇచ్చేశాను.

నవంబరు 16

నరసింగరావు దగ్గర్నుంచి ఉత్తరం. థాయిలాండు బౌద్ధ భిక్షువులు ఇద్దరు యాత్రకు వచ్చి, డిసెంబరు 8న శాలిహుండం స్తూపం చూడబోతున్నారట. సయామునే ఇప్పుడు థాయిలాండు అంటున్నారని బ్రాకెట్లో నాకే పాఠం చెప్పాడు. సభ పక్షాన కొండ మీద సన్మానం. అక్కడే నాకూ శాలువా, బిరుదు. 'దుబాసీ మీరే. మీరుండగా మాకేం భయం!'

పేపర్లో నా పేరు కూడా వేయించాడట.

నవంబరు 17

డిసెంబరు 8కి జ్వరం తెచ్చుకునే మార్గం ఆలోచించాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పిల్లలకి పాతికసార్లు చెప్పాను, పాఠ్యపుస్తకంలో ఉంది కాబట్టి.

నవంబరు 30

కూర్మమ్మకి తెలిసిపోయింది. ఆమె ఊరికి పక్కనే శాలిహుండం. "ఫీ నోయ్ మనుసులు వొస్తన్నారు మేస్టారూ! నానూ వొస్తాను. ఉత్తరం ఆ సామి సేత సదివించుకుంతాను. మీరు సదివినారు కాని ఆ రాగంల ఇనాలని ఉన్నాది. సిన్నగుంటడి పేరు కూడా అడుగుతాను."

వద్దన్నాను. జనం తొక్కిడి ఉంటుందన్నాను. భిక్షువులు ఆడవాళ్ళతో మాట్లాడరన్నాను.

"మాటాడతారు. నాకు తెల్దేటి?" అంది.

డిసెంబరు 8, ఆదివారం

రాయాలి.

మధ్యాహ్నం మూడింటికి భిక్షువులు కొండెక్కారు. ఒకాయన పెద్దాయన, కళ్ళజోడు. ఇంకొకాయన కుర్రవాడు, ఇంగ్లీషు నాలుగు ముక్కలు. వంశధార మీంచి గాలి కొడుతోంది. నరసింగరావు బడిపిల్లల చేతికి బంతిపూల దండలిచ్చి ముందుకు తోశాడు. ఆడపిల్లలు దండలెత్తగానే పెద్దాయన నాలుగడుగులు వెనక్కి వేశాడు, కాస్త అయితే ఇటుకల మీంచి దొర్లేవాడు. తర్వాత పులిహోర, బూరెలు, జీడిపప్పు ఉప్మా విస్తళ్ళలో పెట్టారు. ఇద్దరూ చేతులు జోడించి కదలకుండా కూర్చున్నారు. "ఏమైంది?" అని నరసింగరావు నా చెవి కొరికాడు. ఉపవాసదీక్షలో ఉన్నారన్నాను. ఆగస్టులో కూర్మమ్మ చెప్పినప్పుడు రాసుకోని మాటలు ఒక్కొక్కటే ఎదురొచ్చి నుంచున్నాయి.

పెద్దాయన నన్ను చూసి ఏదో అన్నాడు. నేను ఖ్రాప్ అన్నాను. మగవాళ్ళు మర్యాదకి వాక్యం చివర చేర్చే మాట అది. నా దగ్గర వాక్యం లేదు, చివర మాత్రమే ఉంది. ఆయన ఇంకో రెండు మాటలన్నాడు. మళ్ళీ ఖ్రాప్ అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పారు.

అప్పుడే జనం వెనకనుంచి ఆడగొంతు వినిపించింది. కూర్మమ్మ. ఉతికిన చీర, నూనె రాసిన తల. సభలో మనుషులు లేనట్టే నడిచొచ్చి, భిక్షువుకి ఎడంగా మోకాళ్ళ మీద కూర్చుని, మూడుసార్లు నేలకి నుదురు ఆనించి, మాట్లాడింది. అదీ రాగం. పెద్దాయన మొహం విప్పారింది. ఈ దేశంలో దిగాక ఆయనతో మనిషిగా మాట్లాడింది బహుశా ఆమే. ఆయన గుడ్డ పరిచాడు. ఆమె ఉత్తరం దాని మీద పెట్టింది.

ఆయన పైకి చదవడం మొదలుపెట్టాడు.

మొదట్లో ఆయన పెదవులు నవ్వాపుకున్నట్టు వంకరపోయాయి. కూర్మమ్మ అయోమయంగా నా వైపు తిరిగి చూసింది. ఆయన రెండో పుట తిప్పాడు. గొంతు తగ్గింది. కూర్మమ్మ చెయ్యి నేల మీద ఆనింది.

"ఏమంటున్నారండీ?" అన్నాడు నరసింగరావు. జనమంతా నా వైపు చూశారు.

"కళింగానికీ సయాముకీ ఉన్న ప్రాచీన బాంధవ్యాన్ని స్మరిస్తున్నారు" అన్నాను.

చప్పట్లు మోగిపోయాయి. ఆ చప్పట్ల మధ్య కూర్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "చూశారా, ఏమీ తెలియని వాళ్ళు కూడా ఎలా చలించిపోతున్నారో!" అని నరసింగరావు అన్నాడు. మళ్ళీ చప్పట్లు. శాలువా నా మీదే ఉంది.

తర్వాత ఆమె నా దగ్గరికి రాలేదు. నా ఘనత చూడ్డానికొచ్చిన లక్ష్మణమ్మ పక్కన కూర్చుని, నలుగురికీ తెలియకుండా ఒరియాలో చెప్పింది. ఓఢ్ర తులనం రాసిన నాకు అందులో అర్థమైంది ఒకటే మాట. మరిగలా. చచ్చిపోయాడు.

డిసెంబరు 9

తలనొప్పి. సెలవు పెట్టాను.

డిసెంబరు 10

లక్ష్మణమ్మ ఇవాళ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఉత్తరంలో ఉన్నది నాకు చెప్పి, "ఇది కూడా మీ గ్రంథంలో రాసుకోండి" అంది. రాస్తున్నాను.

'కూర్మా, నీ ఉత్తరం చేరింది. నీ పేరు మా బడిపంతులు చదివాడు. లోపలంతా నొప్పుల నూనె రోజుకి మూడుసార్లు ఎలా రాసుకోవాలో, కళ్ళలో పడకుండా ఎలా చూసుకోవాలో ఉంది. నా మోకాళ్ళు పట్టేశాయని నీకెవరు చెప్పారు? నవ్వుకున్నాను. దాలయ్య సంగతి ఒక్క ముక్క అడగలేదేం? తెలిసే ఉంటుందనుకున్నాను. నువ్వెళ్ళిన నలభయ్యోనాడు పోయాడు. ఆఖర్న నిన్ను తలిచాడు, తిట్టలేదు. మా గుళ్ళో దహనం చేశాం. ఏటేటా వాడి పేర సాములకి అన్నం పెడుతున్నాను. నువ్వు వెళ్ళడం మంచిదైంది. నువ్వుంటే నువ్వూ పోయేదానివి. అన్నం తిన్నావా? మీ అప్ప నోయ్.'

నలభై మూడు రోజుల పాటు కూర్మమ్మకి ఇద్దరు మేనల్లుళ్ళూ ఒక మేనకోడలూ ఉన్నారు. లెక్క వేసి చూశాను.

డిసెంబరు 11

నా ఉద్దేశం మంచిదే.

డిసెంబరు 12

పై మాట కొట్టేద్దామని కలం తీశాను. ఉండనీ.

డిసెంబరు 18, బుధవారం

కళింగపట్నం వెళ్ళాను. ఇరవై రెండేళ్ళ కిందట పోయిన తమ్ముడికి కూర్మమ్మ ఇవాళ పదో రోజు చేసింది. నేను వెళ్ళేసరికి ఒడ్డున ఒక్కతే చేపలు తిరగేస్తోంది. శాలువా మడతపెట్టి పట్టుకెళ్ళాను. తీసుకోమన్నాను.

"సేపలెండెయ్యడానికి పనికిరాదు మేస్టారూ."

నుంచున్నాను. అనడానికి తెలుగులో ఏమీ దొరకలేదు. ఖోథోట్ అన్నాను.

ఆమె ఇంకో చేప తిరగేసింది. చేపలన్నీ తిరగేయడం అయ్యాక, "రాయడం రాదని సెప్తే నాను తిడతాననుకున్నారేటి? నా తమ్ముణ్ణి నాను ఒక్కసారి ఒగ్గీసినాను. మీరు బతికించి మల్లీ సంపీసినారు. పేర్లు ఎట్టి మరీ" అంది.

"తప్పయిపోయింది కూర్మమ్మా. ఖోథోట్."

"ఖో లెగలేదు, థోట్ పడలేదు. థోట్ కింద పడాల మేస్టారూ. మీరు పడ్డం లేదు." తట్ట ఎత్తుకుంది. "అయినా నాకు కాదు. ఆ కొండమీద సప్పట్లు కొట్టినోల్లకి సెప్పండి."

డిసెంబరు 20

నరసింగరావుకి ఉత్తరం రాశాను. 'కొన్ని సాంకేతిక కారణాల వల్ల గ్రంథం ఆలస్యం...' చించేశాను.

డిసెంబరు 21

'సమాచారదాతతో ఏర్పడిన అపార్థం వల్ల...' చించేశాను.

డిసెంబరు 22

'నాకు సయాము రాదు. ఓఢ్రమూ రాదు. అది నా భార్య లక్ష్మణమ్మకి వచ్చు. సయాము కళింగపట్నం కూర్మమ్మకి వచ్చు. కొండ మీద నేను చెప్పినదంతా కల్పన. ఆ ఉత్తరంలో ఉన్నది ఆమె తమ్ముడి చావు. సభలో ఇది పైకి చదవగలరు. శాలువా వేరే పార్శిల్లో పంపుతున్నాను.' పోస్టు చేశాను.

డిసెంబరు 30

నా ఉత్తరం నరసింగరావు నిన్న సభలో చదివాడట. రెండుసార్లు చదివాడట. మొదటిసారి వెనక వరసకి వినిపించలేదని.

1969 జనవరి 4, శనివారం

కూర్మమ్మ వచ్చింది. ఇవాళ రాదనుకున్నాను. లక్ష్మణమ్మా ఆమే ఒరియాలో ఏదో చాలాసేపు మాట్లాడుకున్నారు. విజయనగరం సంగతి కాబోలు, నా పేరు రెండుమూడుసార్లు వచ్చింది. తర్వాత చేపలు లెక్కపెట్టింది, ఈసారి తెలుగులోనే.

అరుగు దిగి వెళ్ళి, ఆమె గంప ముందు కింద కూర్చున్నాను. వీధిలో జనం చూస్తున్నారు. ఖోథోట్ అన్నాను.

ఆమె తల వంచి విన్నది.

"థోట్ కొంచెం పడింది" అంది. "ఖో ఇంకా రాలేదు. మల్లీ అనండి."

అన్నాను.